ఒంటె ఒంటె, ఎక్కడికే

జానిష్‌కు కూతురు తుమార్ పుట్టిన రోజున తల్లి బూరుల్ అతన్ని పొయ్యి పక్కకు పిలిచి మాట తీసుకుంది.

"ఎత్తుకో, ముద్దాడు, భుజాన వేసుకుని కొచ్కోర్ ఊరంతా తిప్పు. దాని ముందు నోరు మాత్రం విప్పకు నాయనా. నీకు పట్టిన నత్తి దానికి పట్టకూడదు."

జానిష్ తలూపాడు. తల్లి చెప్పింది నిజమేనని అతనూ నమ్మాడు. చిన్నప్పుడు పక్కింట్లో నత్తిగా మాట్లాడే ముసలి కాపరి ఒకడుండేవాడు. జానిష్ అతన్ని వెక్కిరించాడనీ, ఆ నత్తి వచ్చి వీడి నాలుక మీద కూర్చుందనీ ఇంట్లో అందరూ అనేవాళ్ళు. వెక్కిరించిన సంగతి అతనికి గుర్తులేదు. నత్తి మాత్రం ఒక్క రోజు కూడా మరిచిపోనివ్వలేదు.

మాటలు లేక కాదు. దొడ్డి తలుపు దగ్గర గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పళ్ళ వెనక అన్నీ తోసుకుంటూ నిలబడేవి. తలుపే తెరుచుకునేది కాదు. దుకాణానికి తేయాకు కోసం వెళ్తే 'తే' దగ్గరే ఇరుక్కుపోయి, వెనక మనుషులు గొణుగుతుంటే చివరికి నోటికొచ్చిన ఉప్పు అడిగి తెచ్చుకునేవాడు. ఆ ఇంట్లో ఉప్పుకు ఏనాడూ కొదవ రాలేదు. రేకుతో, ఇనుముతో పొయ్యిలు చేసి అమ్మడం అతని పని. వెల్డింగు ముసుగు ముఖం మీదికి దించుకుంటే ఎవరూ పలకరించరు. ఆ పనిని అతను ఎంచుకున్నది అందుకే.

బేరాలన్నీ భార్య సైకాల్ చూసుకునేది. పెళ్ళికి ముందే చెప్పింది: "నువ్వు మాట్లాడకపోతే నాకేం లోటు? ఇద్దరి వంతూ నేనే వాగేస్తా." అన్నట్టే వాగేది. అతను మాట మొదలుపెడితే చివర ఆవిడే అందించేది. తల్లీ అంతే. ఇద్దరూ ప్రేమతోనే అందించేవాళ్ళు. ఎప్పుడైనా తను చెప్పబోయింది అది కాకపోయినా జానిష్ సరేనని ఊరుకునేవాడు.

తుమార్‌కు రెండేళ్ళు నిండవస్తున్నా మాటలు రాలేదు. కావలసినదాన్ని వేలితో చూపించేది, ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లేది. "చూశావా, మాట అంటుకోకుండా కాపాడితే మౌనం అంటుకుంది. అంతా తండ్రి పోలికే," అని బూరుల్ నిట్టూర్చేది. ఆ మాట జానిష్ గుండెలో ముల్లులా దిగేది. మాట్లాడితే తప్పు, మాట్లాడకపోయినా తప్పే.

సైకాల్ అక్క బిష్కెక్ నుంచి ఒక పుస్తకం పంపింది. అట్టల్లాంటి మందపాటి పేజీలు, పేజీకొక జంతువు, దాని కింద రెండే రెండు గేయ పాదాలు.

"మాటలే రాని పిల్లకి పుస్తకమేంటే కోడలా? గుర్రానికి కళ్ళజోడు పెట్టినట్టుంది," అంది బూరుల్.

"వినడానికి చెవులున్నాయిగా అత్తయ్యా," అని సైకాల్ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది.

*ఒంటె ఒంటె, ఎక్కడికే?*
*ఉప్పు మూట సంతకే!*
*మేక మేక, ఎక్కడికే?*
*మెత్త గడ్డి మేతకే!*
*కప్ప కప్ప, ఎక్కడికే?*
*కొలను అడుగు పక్కకే!*

అప్పటిదాకా ఒక్క చోట నిలవని పిల్ల బొమ్మలా కూర్చుండిపోయేది. పుస్తకం మూల కొరుకుతూ, ఒంటె మూపు మీద వేలు పెట్టి, తల్లి పెదాలను చూసేది. అయిపోగానే మళ్ళీ మొదటికి తిప్పేది. విసుగు పుట్టి సైకాల్ కప్ప పేజీ దాటేస్తే, చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేది. గువ్వ పేజీ ఎప్పుడూ కప్ప తర్వాతే రావాలి, ఎలుగు గువ్వ తర్వాతే. ఆ వరస తప్పితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది.

పక్కగదిలో జానిష్ టీ చల్లారిపోయేదాకా వినేవాడు. పుస్తకమంతా అతనికి కంఠతా వచ్చేసింది. పెదాలు కదిలించేవాడు గానీ గొంతు కలిపేవాడు కాదు. మాటిచ్చాడు కదా.

మార్చిలో, మళ్ళీ గర్భంతో ఉన్న సైకాల్‌కు ఏడో నెలలో కాళ్ళు వాచాయి, రక్తపోటు పెరిగింది. నారిన్ పెద్దాసుపత్రిలో చేరాల్సి వచ్చింది. కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదన్నారు. కొన్ని వారాలు గడిచాక ఫోన్ చేసింది.

"ఆదివారం పిల్లని తీసుకురా. చూడక పిచ్చెక్కిపోతోంది నాకు. వస్తావా?"

ఫోన్‌లో జానిష్‌కు ఒక్క మాటైనా వచ్చేది కాదు. వాళ్ళిద్దరికీ ఒక గుర్తుంది: ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. అతను ఫోన్ మీద వేలితో ఒకసారి తట్టాడు.

బూరుల్ మోకాళ్ళ నొప్పులతో ప్రయాణం చేయలేని స్థితిలో ఉంది. సంచీలో బోర్సోక్ రొట్టెలు, ఫ్లాస్కులో టీ, పాలసీసా, పుస్తకం సర్దింది. కారు దాకా కుంటుకుంటూ వచ్చి అద్దంలోంచి తల దూర్చింది. "దారిలో ఏడిస్తే సీసా ఇవ్వు. మాట మాత్రం గుర్తుంది కదా?"

కొడుకు తలూపాడు.

దొలోన్ కనుమ ఎక్కేదాకా తుమార్ నిద్రపోయింది. రాత్రంతా కురిసిన మంచు మీద ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. ముందెక్కడో ఒక బొగ్గు లారీ ఆయాసపడుతూ ఎక్కుతోంది. పైన కొండలో గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. జానిష్ తలెత్తి చూసేలోగా జారిపడ్డ మంచు తెల్లటి ధూళై కారును ముంచేసింది. కారు పక్కకు జారి దేనికో ఆనుకుని ఆగిపోయింది. పగలు కాస్తా ఆరిపోయింది.

ముందు ఇంజను ఆపేశాడు. పొగగొట్టం మంచులో కూరుకుపోతే లోపలికి పొగొస్తుందని అతనికి తెలుసు. తలుపు తోశాడు, కదల్లేదు. అవతలి తలుపూ అంతే. అద్దాల మీద మంచు ఒత్తుకుని ఉంది. పైభాగంలో మాత్రం పల్చగా నీలిరంగు వెలుతురు దిగుతోంది. హారన్ నొక్కాడు. అది చలికాలం మొదట్లోనే మూగపోయింది, బాగుచేయించలేదు. పిడికిలితో కారు కప్పును బాదాడు. ఆ చప్పుడును మంచు మింగేసింది. ఫోన్‌కు సిగ్నల్ అందలేదు.

తుమార్ లేచింది. చీకటిని చూసి పెదవి విరిచింది, తర్వాత గుక్కపట్టింది. సీసా ఇస్తే విసిరికొట్టింది. ఎత్తుకున్నాడు, ఊపాడు, వీపు నిమిరాడు. 'భయపడకు తల్లీ' అన్న మాట పళ్ళ వెనకే తోసుకుంటోంది. కూనిరాగం తీశాడు. ఆ పిల్ల వెనక్కి విరుచుకుని అతని గడ్డం మీద గుద్దింది. ఏడ్చి ఏడ్చి ఊపిరందక ముఖం కమిలిపోతోంది. సంచీ తడిమితే చేతికి పుస్తకం తగిలింది.

పుస్తకాన్ని చూడగానే ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. ఆ మసక వెలుతుర్లో తుమార్ ఒంటె మీద వేలు పెట్టి, అతని నోటివంక చూసింది. అమ్మ పెదాల వంక ఎలా చూసేదో అలాగే.

తల్లికిచ్చిన మాట గుర్తొచ్చింది. ఈ కారులో ఇదే ఆఖరైతే ఆ మాట ఎవరికి నిలబెట్టినట్టు? జానిష్ నోరు తెరిచాడు. ఎప్పట్లాగే ఇరుక్కుపోతుందని మెడ బిగించుకున్నాడు.

"ఒంటె ఒంటె, ఎక్కడికే? ఉప్పు మూట సంతకే."

అతను ఆగిపోయాడు. ఆ గొంతు ఎవరిదా అని వెనక్కి తిరిగి చూడబోయాడు. పిల్ల అసహనంగా మేకను తట్టింది.

"మేక మేక, ఎక్కడికే? మెత్త గడ్డి మేత..."

"కే!" అంది తుమార్.

అది ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట. జానిష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ పేజీ తిప్పక తప్పలేదు. కప్ప, గువ్వ, ఎలుగు. ప్రతి పాదం చివరా అతను ఒక్క క్షణం ఆగేవాడు, ఆ ఖాళీలోకి 'కే' వచ్చి పడేది. ఒక మాట పక్క మాటను చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. తర్వాత ఏ మాట రావాలో నాలుకకు ముందే తెలుసు, అందుకే తడబడడం లేదు. పిల్లకూ ముందే తెలుసు, అందుకే ఏడవడం లేదు. బయట ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియదు. ఈ అట్టల మధ్య మాత్రం మేక తర్వాత కప్పే వస్తుంది. ఎన్నిసార్లు చదివాడో అతనికే తెలియదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే పిల్లను కోటు లోపలికి లాక్కుని, పుస్తకం మూసేసి కూడా చెబుతూ పోయాడు.

పైన మంచు కరకరలాడింది.

"ఎవరైనా ఉన్నారా? ఓయ్! కింద ఎవరైనా ఉన్నారా?"

'ఉన్నాం' అనాలి. ఒక్క మాట. జానిష్‌కు మాట 'ఉ' దగ్గరే ఇరుక్కుపోయింది. దవడ వణికింది, మెడ నరాలు ఉబ్బాయి, గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఎవరూ లేనట్టున్నారు," అంది పైనున్న గొంతు. కరకర దూరమవుతోంది.

పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి జానిష్ తన నోటిని అసహ్యించుకుంటూనే ఉన్నాడు గానీ, ఆ క్షణంలో అసహ్యించుకున్నంత ఎప్పుడూ లేదు. వెళ్ళిపోతున్నాడు. ఒళ్ళో పిల్ల ఉంది. వెళ్ళిపోతున్నాడు.

"ఒంటె ఒంటె, ఎక్కడికే!" అని గావుకేక పెట్టాడు. "ఉప్పు మూట సంతకే!"

"కే!" అని తుమార్ కీచుమంది.

అడుగులు ఆగాయి.

"ఎక్కడికేంటయ్యా!" అంది పైగొంతు, నమ్మలేనట్టు. "మంచు కింద కూర్చుని నన్నడుగుతావేంటి? అరుస్తూ ఉండు, ఆపకు! గొంతుని బట్టి తవ్వుతా!"

జానిష్ ఆపలేదు. జంతువులన్నిటినీ పేరుపేరునా పిలిచాడు. చివరికి బొగ్గు పార అద్దానికి తగిలింది, జానిష్ అద్దం దించాడు. వెలుతురుతో పాటు నల్లటి ముఖం, మంచు పట్టిన మీసం లోపలికి తొంగిచూశాయి. బొగ్గు లారీ డ్రైవరు, యాభై దాటిన మనిషి. ముందు పిల్లను లాగి కోటులో చుట్టాడు, తర్వాత తండ్రిని అద్దంలోంచి ఈడ్చాడు.

"నన్ను సగిన్‌బాయ్ అంటారు. నీ పేరేంటి తమ్ముడూ?"

"జ... జ... జ..."

"పళ్ళు కొట్టుకుంటున్నాయి పాపం. ముందు బండెక్కు, తర్వాత చెబుదువు గాని."

ముందూ వెనకా దారి మూసుకుపోయింది. ఆ మధ్య ముక్కలో మిగిలినవి ఈ రెండు బండ్లే. మంచు తోసే యంత్రాలు వచ్చేదాకా లారీ క్యాబిన్‌లోనే కూర్చోవాలి. అక్కడ వెచ్చగా ఉంది. సగిన్‌బాయ్ టీ పోసి మళ్ళీ అడిగాడు. జానిష్‌కు మాట మళ్ళీ 'జ' దగ్గరే ఆగిపోయింది.

పెద్దాయన ముఖం ముడుచుకుంది. "ఇందాక గంట కొట్టినట్టు కేకలేశావు గదయ్యా. ఇప్పుడేమైంది, నోట్లో నీళ్ళు పోసుకున్నావా? ప్రాణం కాపాడినోడికి పేరు చెప్పడం కూడా బరువేనా?"

జానిష్ ముఖం మంటెక్కింది. ఇలాంటప్పుడు లేచి వెళ్ళిపోవడం అతని అలవాటు. ఇక్కడ వెళ్ళడానికి చోటు లేదు, మాట అందించడానికి సైకాల్ లేదు. సగిన్‌బాయ్ గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

"జ-జ-జా... జానిష్. అ-అన్నా, నాకు న-న-నత్తి."

సగిన్‌బాయ్ అతని కప్పులో ఇంకాస్త టీ పోశాడు.

"మరి ఒంటె దగ్గర ఏమైందా నత్తి?"

"తె-తెలీదు."

"అయితే ఒంటెనే గట్టిగా పట్టుకో," అన్నాడు సగిన్‌బాయ్ మెత్తగా. తమాషాకు అనలేదు.

తుమార్ పుస్తకం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన కళ్ళు చికిలించి, "ఒంటె ఒంటె, ఎక్కడికే? బొగ్గు మూట సంతకే," అన్నాడు. పిల్ల ఆయన చేతి మీద ఒక్కటి చరిచింది. ఆయన నవ్వుతూ మళ్ళీ బొగ్గే అన్నాడు, మళ్ళీ దెబ్బ తిన్నాడు. మూడోసారికి ఉప్పు అన్నాకే పేజీ తిప్పనిచ్చింది. "అమ్మో, ఇది తనిఖీ అధికారి," అన్నాడాయన. యంత్రాల దీపాలు కనిపించేసరికి కొండ మీద ఎండ పోయింది.

మర్నాడు ఆసుపత్రిలో సైకాల్ మంచం మీదే చేతులు చాచి ఏడ్చింది. తుమార్ తల్లిని గట్టిగా వాటేసుకుంది, మెడ వాసన చూసింది. కాసేపటికి దిగి సంచీలోంచి పుస్తకం తీసింది. సైకాల్ చెయ్యి చాపింది. పిల్ల ఆ చేతిని దాటుకుని వెళ్ళి పుస్తకాన్ని తండ్రి మోకాళ్ళ మీద పెట్టింది.

సైకాల్ మొహం చిన్నబోయింది. "ఏంటిది? మీ నాన్న చదవడమ్మా, ఇలా తే."

జానిష్ చదివాడు. గదిలో మిగతా ఆడవాళ్ళు కూడా మాటలాపి విన్నారు. చివరి 'కే' పడ్డాక సైకాల్ అతని చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచావు?"

అతను మంచు సంగతి చెప్పబోయాడు. "కా-కారు... మం-మం..."

"మంచులో ఆగిపోయిందా? చలేసిందా? పిల్ల ఏడ్చిందా?" అని సైకాల్ అందించింది. అతను తలూపాడు. మంచు కింద గడిచిందంతా ఆ మూడు ప్రశ్నల్లోకి కుదించుకుపోయింది.

కొచ్కోర్‌కు తిరిగొచ్చాక జానిష్ దొంగచాటుగా చదివేవాడు. తల్లి పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళగానే తుమార్ పుస్తకంతో పరిగెత్తుకొచ్చేది. గొంతు తగ్గించి, కిటికీ మీద ఒక కన్నేసి చెప్పేవాడు. సొంత బిడ్డతో మాట్లాడడానికి దొంగలా కాచుకోవాల్సి వచ్చిందే అని బాధపడుతూనే, ఆ కాస్త సేపటి కోసం రోజంతా ఎదురుచూసేవాడు. తుమార్‌కు మాటలు వెల్లువలా వచ్చేశాయి. ఒంటె, మేక, ఉప్పు, నాన్న.

ఒక పొద్దున ఫలహారం దగ్గర పిల్ల కిటికీలోంచి చూపిస్తూ, "మే-మే-మే-మేక," అంది.

బూరుల్ చేతిలో గిన్నె ఆగిపోయింది. కొడుకు ముఖం చూసింది. ఆ ముఖమే అంతా చెప్పేసింది.

"చదువుతున్నావు కదూ? నా కళ్ళు కప్పి. చెప్పానా? అంటుకుంది. పసిగొంతు కోశావు గదరా!" ఆవిడ పుస్తకం తీసుకెళ్ళి పెళ్ళినాటి పెట్టెలో పడేసి తాళం వేసింది. తాళంచెవి నడుముకు కట్టుకుంది.

ఒకవేళ తల్లి మాట నిజమైతే? ఆ 'మే-మే' అతని చెవుల్లో తన గొంతులాగే మోగింది. పొయ్యిల కొట్టులోకి పోయి ముసుగు దించుకుని చీకటి పడేదాకా పనిచేశాడు. తర్వాతి రోజుల్లో పిల్ల దగ్గరకొస్తే మొహం తిప్పుకునేవాడు. తుమార్ రొట్టెల పలక తెచ్చి అతని ఒళ్ళో పెట్టేది. చెప్పు తెచ్చేది. ఏమీ దొరక్కపోతే రెండు అరచేతులూ కలిపి, పుస్తకంలా విప్పి, "ఒంటె?" అనేది. అతను లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. గుమ్మం అవతల నిలబడి గోడకు నుదురు ఆనించుకునేవాడు.

ఒక సాయంత్రం అతను లోపలికి వచ్చేసరికి తుమార్ తాళం వేసిన పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చెక్కను అరచేత్తో తడుతూ, "ఎక్కడికే? ఎక్కడికే?" అంటోంది. లోపలి నుంచి జవాబొస్తుందేమోనని చెవి ఆనించింది. బూరుల్ ఉన్ని దువ్వుతూ చూడనట్టు కూర్చుంది.

"ఆ-ఆపా," అని తల్లిని పిలిచాడు జానిష్. "త-త-తా..."

"తాగడానికా? టీ పొయ్యనా?"

"కా-కాదు. త-త..."

"తలనొప్పా?"

అతను చెయ్యెత్తి ఆపాడు. తల్లి ముందు అలా చెయ్యెత్తడం అదే మొదలు. "న-నన్ను చె-చెప్పనీ."

బూరుల్ దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది.

"తా-తాళం తియ్యి. నేను మా-మాట్లాడకపోతే దా-దానికి న-నత్తి వ-వస్తుందో రాదో... నా-నాకు తెలీదు. నా-నాన్న మాత్రం ఉ-ఉండడు." చెమట కారుతోంది. ఆ మాటలకు పట్టిన సేపట్లో టీ కాగి పొంగిపోయేది. అయినా ఎవరూ అందించలేదు.

"అంటుకుంటే?" అంది బూరుల్.

"అం-అంటుకుంటే నా-నాలాగే బ-బతుకుతుంది. నేను చ-చచ్చానా?"

"చావలేదు," అంది తల్లి. "బడి నుంచి వచ్చి కొట్టంలో ఆవు వెనకాల దాక్కుని ఏడ్చేవాడివి. నాకు తెలీదనుకున్నావు. నేను గోడకివతల నిలబడి ఏడ్చేదాన్ని. మళ్ళీ ఆ గోడ పక్కన నిలబడే ఓపిక నాకు లేదురా."

బూరుల్ మోకాళ్ళు పట్టుకుని లేచింది. నడుముకున్న ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. తాళంచెవి పెట్టె మీద పెట్టి, "దూడకి నీళ్ళు పెట్టాలి," అని బయటికి వెళ్ళింది.

సరేనని ఆవిడ ఎప్పుడూ అనలేదు. వేసవి మొదట్లో సైకాల్ కొడుకుతో ఇంటికొచ్చింది. ఈ వయసు పిల్లలు చాలామంది అలా తడబడతారనీ, ఎక్కువమందికి దానంతటదే పోతుందనీ, కొందరికి పోదనీ డాక్టరమ్మ చెప్పిందట. బూరుల్ మాత్రం ప్రతి శుక్రవారం నూనెలో రొట్టెలు వేయించి, పోయిన పెద్దలకు మొక్కుతోంది. తుమార్ తడబాటు కొన్నాళ్ళు తగ్గుతుంది, కొన్నాళ్ళు మళ్ళీ వస్తుంది. వచ్చిన రోజున ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. జానిష్ నత్తి ఎక్కడికీ పోలేదు. పుస్తకం మూయగానే గొర్రెలన్నీ మళ్ళీ దొడ్డి తలుపు దగ్గరే.

ఆ వేసవి చివర్లో ఒకతను పొయ్యి కోసం వచ్చాడు. సైకాల్ పసివాడికి పాలిస్తోంది.

"ఎప్పటికి అవుతుంది?" అన్నాడతను.

"శు-శు-శు..." జానిష్ కళ్ళు మూసుకున్నాడు. వచ్చినతను ఇబ్బందిగా గేటు వంక చూశాడు.

తుమార్ తండ్రి కాలు పట్టుకుని నిలబడింది. తలెత్తి అతని నోటివంక చూస్తోంది. జాలి లేదు, తొందర లేదు. తర్వాతేం వస్తుందో తెలిసినట్టు, వచ్చేదాకా కదలనన్నట్టు చూస్తోంది.

"శు-శు... శుక్రవారం."

"వారం!" అంది తుమార్, తృప్తిగా.